తాపీగా చేసే పని



తాపీ అనే మాట మనకు రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి ఇల్లు కట్టే చోట. ‘ఆ తాపీ ఇటందుకో’ అంటాడు మేస్త్రీ. రెండోది ఇంట్లో. ‘ఏంట్రా అంత తాపీగా తెములుతున్నావు, బస్సు వెళ్లిపోతుంది’ అంటాం. ఇనుప రేకుకు పిడి తగిలించిన పనిముట్టుకూ, తొందర లేని మనిషికీ చుట్టరికం ఉందా లేదా అన్నది నిఘంటువులు రాసేవాళ్లు తేల్చాలి. సిమెంటు పని దగ్గర మాత్రం ఈ రెండు తాపీలూ కలిసే ఉండాలి. చేతిలో తాపీ ఉండి మనిషిలో తాపీ లేకపోతే, వేసిన నేల ఏడాది తిరక్కుండానే పెచ్చులూడుతుంది. అన్నట్టు, ఆ పనిముట్టు తెలుగులో ఒక పెద్ద రచయితకు ఇంటిపేరు కూడా. విజయవిలాసానికి హృదయోల్లాస వ్యాఖ్య రాసి 1971లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న తాపీ ధర్మారావు గారు గుర్తున్నారు కదా.

ఈ పూట నేను మాట్లాడబోయేది మనం రోజూ నడిచే సిమెంటు బాటలకు ఆఖరి మెరుగు దిద్దే చేతి పనిముట్ల గురించి. రోడ్డు వేశారు, వేయలేదు అని మాట్లాడుకుంటాం గానీ, రోడ్డు పైన ఆ చివరి పావు అంగుళాన్ని ఎవరు, దేంతో, ఎప్పుడు రుద్దారన్న సంగతి ఎవరికీ పట్టదు. మన చెప్పు తగిలేదీ, వాన నిలిచేదీ, ముసలివాళ్లు జారేదీ ఆ పావు అంగుళం మీదే.

నేనుండేది హైదరాబాదులోని ఏఎస్ రావు నగర్. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి రాధిక థియేటర్ వైపు వస్తే మా కాలనీయే. ఆ పేరు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారిది. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, హోమీ భాభాతో కలిసి పనిచేసి, 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ను, అంటే ఈ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన శాస్త్రవేత్త. మనకు కావలసిన పరికరాలు మనమే చేసుకోవాలన్న పట్టుదల ఆయనది. ఆ సంస్థ ఉద్యోగుల ఇళ్లతో పెరిగిన కాలనీ కాబట్టి, మా వీధుల్లో రిటైరైన ఇంజనీర్లకు కొదవ లేదు. పొద్దున నడకలో కలిస్తే మైక్రోమీటర్ల గురించీ, వెర్నియర్ల గురించీ ఎంతసేపైనా మాట్లాడతారు. గేటు ముందు గొంతుక్కూర్చుని పనిచేస్తున్న సుతారి చేతిలోని చెక్కముక్కను మాత్రం ఎవరూ పరికరంగా లెక్కవేయరు. నేనూ వేయలేదు, ఒకసారి జారి పడేదాకా.

సుతారి అంటే తాపీమేస్త్రీయే. కోస్తా నుంచి వచ్చిన మాలాంటివాళ్లం మేస్త్రీ అంటాం, ఇక్కడివాళ్లు సుతారి అంటారు. పనిముట్ల పేర్లూ అంతే. మా వైపు రుద్దుడు చెక్క అనేదాన్ని హైదరాబాదులో గుర్మాలా అంటారు. తాపీని కొందరు కర్నీ అంటారు. కూలీల అడ్డా మీద పాలమూరు మాట, శ్రీకాకుళం మాట, ఒడియా, హిందీ అన్నీ కలుస్తాయి. వాళ్లు చేయి చాచి ఏ మాటతో అడిగినా, పక్కవాడు సరైన పనిముట్టే అందిస్తాడు.

ఇక నేను పడిన సంగతి. మా గేటు ముందు బండి ఎక్కడానికి చిన్న వాలు కట్టించాను. సుతారిని పిలిచి, ‘అద్దంలా ఉండాలి మేస్త్రీ, ముఖం కనపడాలి’ అన్నాను. ఆయన నవ్వి, ‘మొఖం సూసుకునేతందుకు ఇంట్ల అద్దం లేదా సార్? ఈడ నడవాలె కద’ అన్నాడు. నేను వినలేదు. డబ్బిచ్చేవాడి మాట నెగ్గుతుంది కదా. పైన పొడి సిమెంటు చల్లించి, ఇనుప గుర్మాలాతో రుద్దించి, నిజంగానే అద్దం చేయించాను. వీధిలో నలుగురూ మెచ్చుకున్నారు కూడా. తొలకరి పడిన మర్నాడు పాల పాకెట్లు పట్టుకుని ఆ అద్దం మీద కాలు పెట్టాను. పాలు నేలపాలయ్యాయి, నేను మంచంపాలయ్యాను. పది రోజులు. తప్పు ఆయనది కాదు, నాదే.

మళ్లీ ఆయన్నే పిలిచాను. ‘నేను చెప్పలే?’ అనలేదు, అదీ పెద్దరికం. ఉలి, సుత్తి తీసి ఆ అద్దం మీద దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాడు. నున్నటి సిమెంటు మీద కొత్త సిమెంటు పట్టదు, ఊడివస్తుంది. కడిగి, తడిపి, సిమెంటు పాలు పూసి, పైన కొత్త పొర వేశాడు. ఈసారి ఆఖర్న ఇనుము ముట్టుకోలేదు. ఒక చీపురు తీసుకున్నాడు. ఆ చీపురు సంగతి తరవాత చెప్తాను. ఆ రోజు నుంచి మా వైపు ఎక్కడ సిమెంటు పని జరుగుతున్నా కాసేపు నిలబడి చూడ్డం నాకు అలవాటైపోయింది. రిటైరైనవాడికి ఇంతకన్నా మంచి కాలక్షేపం దొరకదు.

మా పక్క గల్లీలో ఒక ఎండాకాలం సీసీ రోడ్డు వేశారు. పని మొదలయ్యేముందు రెండు అంచులకూ ఇనుప చానెళ్లు నిలబెట్టారు. గల్లీకి అటూ ఇటూ ఎత్తు సరిచూడ్డానికి పారదర్శకంగా ఉండే పొడవాటి గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొసను ఒకాయన, రెండో కొసను ఇంకొకాయన పట్టుకున్నారు. నీళ్లు రెండు వైపులా ఒకే మట్టానికి వచ్చి నిలుస్తాయి. లేజర్లు వచ్చినా ఈ నీళ్ల గొట్టం పోలేదు, పోదు. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, అబద్ధం చెప్పడం రాదు. మట్టం దొరికాక వాలు పెట్టాలి. నడిచే బాటకు మీటరుకు 2 సెంటీమీటర్లు, అంటే 50కి 1 వాలు చాలు. మనిషికి తెలియదు, నీటికి తెలుస్తుంది. రసమట్టం కింద ఒక కొసన చిన్న చెక్కముక్క పెట్టి ఆ వాలును లెక్కగట్టేస్తారు సుతారులు.

కాంక్రీటు పోశాక మొదట వచ్చేది మట్టపలక. పూర్వం టేకు బద్దతో చేసుకునేవాళ్లు, ఇప్పుడు అల్యూమినియం పట్టీ. చానెళ్ల మీద రెండు కొసలూ ఆనించి, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని రంపం లాగినట్టు ఇటూ అటూ లాగుతూ వెనక్కి జరుగుతారు. ఎక్కువైన కాంక్రీటు పలక ముందుకు పోగవుతుంది, పల్లం ఉన్నచోట ఖాళీ కనిపిస్తుంది. ఒకమ్మ పారతో ఎత్తి ఆ ఖాళీలో వేస్తుంది, మళ్లీ లాగుతారు. చూడ్డానికి ఇది మొరటు పనిలా ఉంటుంది. కానీ వాననీరు ఎటు పోవాలో తేలేది ఇక్కడే. మట్టపలక దగ్గర జరిగిన తప్పును తరవాత ఏ గుర్మాలా దిద్దలేదు. మన వీధుల్లో వాన వెలిశాక గుండ్రంగా నిలిచే నీటి మడుగులున్నాయే, అవన్నీ ఆ పూట మట్టపలక లాగుతూ ఎవరో పక్కకు చూసిన క్షణాలు.

దాని వెనకే చెక్క గుర్మాలా వస్తుంది. మూరెడు పొడవు పలక, పైన పిడి, అంతే. ఇందులో ఏముందని అడగవచ్చు. ఉన్నదంతా ఆ చెక్కలోనే ఉంది. చెక్క నీటిని పీలుస్తుంది, దాని పీచు గరుకుగా ఉంటుంది. అది కాంక్రీటు ముఖాన్ని సమం చేస్తుంది గానీ మూసేయదు, లోపలి నీటికి దారి వదిలిపెడుతుంది. ఇనుప గుర్మాలా అలా కాదు, కుండకు మూత పెట్టినట్టు పైపొరను బిగించేస్తుంది. అమెరికాలో చెక్కకు బదులు మెగ్నీషియం లోహంతో చేసినవి వాడతారు, పొడుగు కర్ర తగిలించి నిలబడే లాగుతారు. వాళ్ల నడుములు అదృష్టం చేసుకున్నాయి. మనవాళ్లు ఇంకా గొంతుక్కూర్చునే, రెండు చెక్కముక్కల మీద పాదాలు పెట్టుకుని బాతులా వెనక్కి జరుగుతూ చేస్తారు.

కొత్త గుర్మాలాను సుతారి నమ్మడు. ఇనుపదైతే మూలలు పదునుగా ఉండి నేల మీద గీతలు పడతాయి. కొన్నాళ్లు వాడి, అంచులు అరిగి, కొద్దిగా వంపు తిరిగాక గానీ అది చేతికి మచ్చిక కాదు. రాణిగంజ్ బజారులో కొత్తవి ఎన్ని వేలాడుతున్నా, పాతదాన్ని గోనెసంచిలో చుట్టుకుని పనికి తెచ్చుకునేది అందుకే. సాయంత్రం డ్రమ్ములో కడగకుండా వదిలిన గుర్మాలాకు మర్నాటికి సిమెంటు పొక్కులు గట్టిపడతాయి. దాంతో రుద్దిన నేల దువ్వెన పెట్టినట్టు చారలు తేలుతుంది. పని నేర్చుకునే కుర్రాడికి మొదట పనిముట్లు కడగడమే అప్పజెప్తారు. మాదాపూర్ దగ్గర 1998లో మొదలైన జాతీయ నిర్మాణ అకాడమీలో ఇప్పుడు ఈ పనిని క్రమపద్ధతిలో నేర్పుతున్నారు. అడ్డా మీద నేర్చుకున్నా, అకాడమీలో నేర్చుకున్నా మొదటి పాఠం మాత్రం ఆ డ్రమ్ము దగ్గరే.

చెక్క గుర్మాలా ఒకసారి తిరిగాక ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. ఈ ఏమీ చేయకపోవడమే ఈ పనిలో కష్టమైన భాగం.

కాంక్రీటు పోసిన కాసేపటికి కంకర, ఇసుక బరువుకు కిందికి దిగుతాయి, నీళ్లు పైకి తేలతాయి. ముఖమంతా చెమట పట్టినట్టు తళతళలాడుతుంది. చూసేవాడికి ఇదే మంచి అదును, ఇప్పుడే రుద్దితే నున్నగా వస్తుందనిపిస్తుంది. అప్పుడే ఇనుము తగిలిస్తే ఆ నీళ్లన్నీ పైపొరలో కలిసిపోతాయి. పైన నీళ్ల సిమెంటు, కింద గట్టి సిమెంటు. ఆరాక చెయ్యి పెడితే తెల్లటి దుమ్ము అంటుకుంటుంది, ఆరు నెలలకు అప్పడంలా పెచ్చు లేస్తుంది. ఆ తడి ఆరడానికి తొందరపడి పొడి సిమెంటు చల్లేవాళ్లున్నారు. అదింకా చెడ్డది. ఆ చల్లిన పొర కింది కాంక్రీటుతో కలవక వేరుగా గట్టిపడుతుంది. కొత్త రోడ్డు ఇంత త్వరగా ఎందుకు పాడైందని అడిగితే ఇసుక మంచిది కాదనీ, సిమెంటు తక్కువేశారనీ అంటారు. చాలాసార్లు నిజం అది కాదు, ఎవరో అరగంట ముందు రుద్దారు.

మరి ఎంతసేపు ఆగాలి? గడియారం చెప్పలేదు. మన ప్రమాణాల ప్రకారం సిమెంటు 30 నిమిషాలకన్నా ముందు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాల లోపు పూర్తిగా బిగియాలి. ఈ రెండింటి మధ్య బోలెడంత సమయం ఉంది. ఎండ, గాలి, నీళ్ల పాళ్లు, నీడ పడిన చోటు, పడని చోటు, అన్నీ దాన్ని మారుస్తాయి. అందుకే సుతారి గడియారం చూడడు, ముఖం చూస్తాడు. ఆ తళతళ పోయి మసకబారాలి. తరవాత బొటనవేలితో నొక్కుతాడు. బరువు వేసి కాలు మోపితే పావు అంగుళం లోతు అచ్చు పడి, చుట్టూ తడి ఊరకపోతే అదును వచ్చినట్టు. అంతకన్నా దిగితే ఇంకా ఆగాలి. అచ్చే పడకపోతే అయిపోయింది, ఇక రుద్దినా ఫలితం లేదు. ఆ గల్లీలో నేను చూసినాయన వేపచెట్టు నీడన బీడీ వెలిగించుకుని కూర్చున్నాడు. మూడో ఇంటి పెద్దాయన బాల్కనీలోంచి, ‘ఏం మేస్త్రీ, పని ఆపేశావేం?’ అని కేకేశాడు. ‘పని నడుస్తనే ఉంది సార్’ అన్నాడు ఈయన. నిజంగానే నడుస్తోంది.

మన ఎండాకాలం ఈ ఆగడాన్ని ఇంకా చిక్కుల్లో పెడుతుంది. 42 డిగ్రీల ఎండలో, వడగాలిలో, కింది నుంచి నీరు తేలేకంటే వేగంగా పైన ఆవిరైపోతుంది. చదరపు మీటరు నుంచి గంటకు ఒక కిలో నీరు ఎగిరిపోతే ప్రమాదమని ఇంజనీర్ల లెక్క. పైపొర ముడుచుకుని సన్నటి బీటలు పడతాయి, ఎండిన చెరువులో ఒండ్రు మట్టి పగిలినట్టు. అందుకే తెలిసినవాళ్లు ఎండాకాలంలో తెల్లవారకముందే పని మొదలుపెడతారు, లేదా పొద్దు వాలాక. పోసే ముందు కింది నేలను తడుపుతారు. అంతేగానీ కాంక్రీటు కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువ పోయరు. ఎం20 గ్రేడు కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లు దాటకూడదని కాంక్రీటు పనులకున్న మన కోడ్ చెప్తోంది. అంటే మామూలు బకెట్లు రెండు. మూడో బకెట్టు పోస్తే పార సులువుగా ఆడుతుంది, గుర్మాలా వెన్న మీద తిరిగినట్టు తిరుగుతుంది. ఆ సుఖానికి రోడ్డు తరవాత వడ్డీతో సహా కడుతుంది.

అదును వచ్చాక అంచుల పని. బయటి దేశాల్లో అంచును గుండ్రంగా తిప్పడానికి ప్రత్యేకంగా వంపు తిరిగిన చిన్న పనిముట్టు ఉంటుంది. మన సుతారి తాపీ కొసను చానెల్‌కూ కాంక్రీటుకూ మధ్య దూర్చి ఒక పొడవాటి గీత లాగి, వేళ్లకు గోనెగుడ్డ చుట్టి అంచు వెంట సాగదీస్తాడు. పదునైన అంచు మొదటి బండి చక్రానికే విరుగుతుంది, గుండ్రటిది నిలుస్తుంది. మ్యాన్‌హోల్ మూత చుట్టూ ఈ పని ఎలా చేశాడో చూస్తే సుతారి చేతి విలువ తెలిసిపోతుంది. మీ వీధిలో ఒకసారి చూడండి.

తరవాత గాడి. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుంటుంది, పగలక మానదు. ఎక్కడ పగలాలో మనం చెప్పాలి. రోడ్డుకైతే సుమారు నాలుగున్నర మీటర్లకొకటి చొప్పున అడ్డంగా, మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతున గాడి కోస్తారు. పగులు ఆ గాడిలోనే, అడుగున, ఎవరికీ కనపడకుండా వస్తుంది. ఇప్పుడు మర్నాడు యంత్రంతో కోస్తున్నారు. ఇంటి ముందు చిన్న బాటకైతే ఇప్పటికీ దారమే. తడి సిమెంటు మీద బిగుతుగా దారం లాగి, ఇద్దరు రెండు కొసలా నొక్కి ఎత్తేస్తారు. దారం అచ్చు మిగిలిపోతుంది. మన పాత ఇళ్ల వరండాల్లో గళ్లు గళ్లుగా కనిపించే గీతలు అవే. అందానికని అనుకుంటాం. పల్చటి దారపు అచ్చు పగులును పూర్తిగా ఆపలేదు గానీ, మెట్ల మీదా వాలు మీదా కాలికి పట్టు ఇస్తుంది.

పట్టు అంటే గుర్తొచ్చింది. అమెరికాలో మొదటి సిమెంటు వీధి 1891లో ఒహాయో రాష్ట్రంలోని బెల్‌ఫౌంటెన్ అనే చిన్న ఊళ్లో పడింది. జార్జ్ బార్తొలొమ్యూ అనే ఆయన, ఐదేళ్లు నిలవకపోతే తానే బాధ్యుణ్నని 5000 డాలర్ల హామీ పెట్టి వేశాడు. ఆ రోజుల్లో వీధిలో తిరిగేవి గుర్రాలు. వాటి డెక్కలు జారకుండా సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే పైన గళ్ల గీతలు గీశారు. గుర్రం గురించి ఆలోచించిన బుద్ధి, మా గేటు ముందు నా గురించి నాకు లేకపోయింది.

అసలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో పేటెంటు తీసుకున్న జోసెఫ్ ఆస్ప్‌డిన్ కూడా ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఇటుకలు పేర్చే తాపీమేస్త్రీయే. మన వైపు నిజాం పాలనలో హైదరాబాదు సిమెంటు రోడ్లకు పేరుపడింది. సిమెంటుకు మరీ దూరం పోనక్కర్లేకపోయింది, అప్పట్లో నిజాం రాజ్యంలోనే ఉన్న షాబాద్‌లో ఫ్యాక్టరీ ఉండేది. 1936లో ఏసీసీగా కలిసిన పది కంపెనీల్లో అదీ ఒకటి. ఆ షాబాద్ బండలే మన పాత ఇళ్ల నేలలు. బండకు గుర్మాలా అక్కర్లేదు, దాన్ని చెక్కినవాడి చేతి గరుకు దానిలోనే ఉంటుంది.

ఇంత చెప్పానని ఇనుప గుర్మాలా పనికిరానిదనుకోకండి. దాని చోటు ఇంటి లోపల. ఎర్రరంగు కలిపిన గచ్చు నేలలు గుర్తున్నాయా? మా అమ్మమ్మగారింట్లో అలాంటి నేల మీద మిట్టమధ్యాహ్నం చొక్కా లేకుండా పడుకుంటే వీపు చల్లగా ఉండేది. ఆ నునుపు ఇనుముతో విడతలు విడతలుగా, ఒక్కో విడతకూ ఆగి ఆగి, చివర్లో గుర్మాలాను ఏటవాలుగా పట్టి బరువంతా అంచు మీద వేసి తెచ్చింది. సిమెంటుకు ముందు, గానుగ సున్నంతో గచ్చు చేసే కాలంలో నున్నటి గులకరాయితో రుద్దేవాళ్లు. ఆ నేల మీద చెప్పులతో ఎవరూ నడిచేవారు కాదు, దాని మీద వాన పడేది కాదు. వీధిలోకి ఆ నునుపును తెచ్చుకోవాలన్న ఆశ మనకెందుకో పోదు. అపార్ట్‌మెంట్ ర్యాంపుల మీద, గుళ్ల ముందు, ఆసుపత్రి మెట్ల మీద కూడా మెరుపే కావాలంటాం. చూపుకు నచ్చింది పాదానికి నచ్చాలని లేదు.

ఇప్పుడు పెద్ద గల్లీల్లో వీడీసీసీ, అంటే వ్యాక్యూమ్ డీవాటర్డ్ సిమెంట్ కాంక్రీట్ రోడ్లు వేస్తున్నారు. పోసిన కాంక్రీటు మీద చాపలాంటి షీటు పరిచి, పంపుతో అదనపు నీళ్లను గాలితో సహా పీల్చేస్తారు. నేను ఇందాక చెప్పిన ఎదురుచూపు చాలావరకు తగ్గిపోతుంది. వెంటనే ఫ్యాను రెక్కల్లాంటి యంత్రం దాని మీద తిరుగుతూ రుద్దేస్తుంది. చేతి పనికన్నా గట్టిగా, సమంగా వస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ యంత్రం గోడ పక్కకు రాదు, కరెంటు స్తంభం చుట్టూ తిరగదు, మ్యాన్‌హోల్ దగ్గర ఆగిపోతుంది. అక్కడ మళ్లీ గోనెసంచి విప్పి గుర్మాలా తీయాల్సిందే. నేను చూసిన వీడీసీసీ రోడ్లన్నీ నడిమధ్య బాగానే ఉన్నాయి, పాడైతే అంచుల్లోనే పాడయ్యాయి.

పనిముట్ల గురించి చెప్తూ చేతుల గురించి చెప్పకపోతే అన్యాయం. తడి సిమెంటు సున్నంలాగే ఘాటైన క్షారం. గంటలకొద్దీ అంటుకుని ఉంటే చర్మాన్ని తినేస్తుంది. వేళ్ల సందుల్లో పుళ్లు, గోళ్ల చుట్టూ పగుళ్లు లేని సుతారిని నేను చూడలేదు. తట్టలు మోసే ఆడవాళ్లకు కారే సిమెంటు నీళ్లు మెడ మీదకు వస్తాయి. రబ్బరు తొడుగులు ఇస్తే వేడికి చెమట పడుతుందని, గుర్మాలా పట్టు తప్పుతుందని తీసేస్తారు. సాయంత్రం కొబ్బరినూనె రాసుకుంటారు. మీ ఇంట్లో పని జరిగితే కడుక్కోవడానికి ఒక బకెట్ మంచినీళ్లు, ఒక సబ్బు వాళ్లకు అందుబాటులో పెట్టండి. టీ ఇవ్వడం అందరూ చేస్తారు, ఇది చేయరు.

ఇక చీపురు. అన్ని పనిముట్లూ అయ్యాక వచ్చే ఆఖరిది, అన్నింటికన్నా చవకైనది. చెక్క గుర్మాలా రెండోసారి తిరిగాక, ముఖం మసకబారాక, చీపురును నీళ్లలో ముంచి, బాగా విదిలించి, నడిచే దిక్కుకు అడ్డంగా ఒక్క లాగు లాగుతారు. ఒక్కటే. తిరిగి వెనక్కి తేకూడదు, మధ్యలో ఆపకూడదు. ఆపినచోట మచ్చ పడుతుంది. ప్రతి లాగుకూ మళ్లీ కడగాలి, లేకపోతే పుల్లలకు పట్టిన సిమెంటు ముద్దలు రాలుతాయి. కొబ్బరి పుల్లల చీపురు లోతుగా గీరుతుంది, బండ్లు ఎక్కే వాలుకు అది మంచిది. మనుషులు నడిచేచోట పూల చీపురు చాలు, సన్నటి గీతలు దగ్గరదగ్గరగా పడతాయి. దూరం నుంచి చూస్తే నూలుచీర నేతలా ఉంటుంది. ఆ గీతల్లోంచి నీళ్లు జారిపోతాయి, కాలికి కాస్త గరుకు మిగులుతుంది.

ఆ తరవాత గోనెసంచులు కప్పి తడుపుతూ ఉండాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిపిన సిమెంటుకు, ఎండ వేళల్లో 10 రోజులకు తక్కువ కాకుండా అని మన కోడ్. మా వీధివాళ్లు మూడో రోజే సంచులు తీసి స్కూటర్లు పెట్టుకుంటారు. అది వేరే ప్రసంగం.

మా గేటు ముందు వాలు రెండోసారి చేసిన రోజు, సుతారి దగ్గర చీపురు లేదు. మా ఆవిడను అడిగి మా ఇంటి పూల చీపురు తీసుకున్నాడు. దాని కొసలు కత్తెరతో సమంగా కోసి, పని అయ్యాక శుభ్రంగా కడిగి గోడకు ఆనించాడు. అప్పటికీ మా ఆవిడ ఊరుకోలేదు, ‘ఇంక దీంతో ఇల్లేం ఊడుస్తాను’ అని సణిగింది. మర్నాడు పొద్దున్నే గోనెసంచులు తడపడానికి వచ్చినప్పుడు చంకలో ఒక కొత్త చీపురు పెట్టుకొచ్చాడు.

‘ఇది మీరు ఉంచుకోండ్రి అమ్మా, ఆ పాతది నాకియ్యండ్రి’ అన్నాడు.

‘పాతదెందుకయ్యా, అరిగిపోయింది కదా’ అంది ఆవిడ.

‘అరిగిందనే అమ్మా. అంచంత ఒక్క తీరుగ అరిగింది. గసొంటిది కొనాలంటె దొరకది.’

ఆయన ఇప్పుడు నాచారం వైపు పనులు చేస్తున్నాడట. మా ఇంటి చీపురు అక్కడ ఏదో గల్లీలో గీతలు గీస్తూ ఉండాలి.